శేషగిరి అన్న ఖాళీగా వదిలిన గడి

శేషగిరి అన్న ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌కు వచ్చాక ఒక్క ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదలలేదు. జీపీ సర్జరీ అని పిలిచే ఇక్కడి డాక్టరు క్లినిక్ వాళ్ల ఫారంలో “పూర్వపు ఇంటిపేరు” అని ఉంటే, “ఇదే, మా తాతగారి కాలం నుంచీ” అని రాశాడు. లైబ్రరీ కార్డు ఫారం అడుగున “ఆఫీసువారి ఉపయోగానికి మాత్రమే” అన్న గళ్లు కూడా నింపి, ఆఫీసువారి తరఫున తనే తేదీ వేసి ఇచ్చాడు. కౌంటరులో ఉన్నావిడ అది చూసి సెలవు పెట్టి వెళ్లిపోయిందనీ, ఇంకా తిరిగి రాలేదనీ నేను చెబుతుంటాను. ఫారం వరకూ నిజమే.

ఆయన్ను అనడానికీ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. తెర మీద గడి ఖాళీగా కనబడితే తప్పు పట్టుకోవడానికే ఆయనకు జీతం ఇస్తారు. ఇంటికొచ్చాక ఆ చూపు తీసి హ్యాంగరుకు తగిలించలేడు కదా. నాగేశ్వరి వదిన వంటింట్లో ప్రతి డబ్బాకూ పేరు, తేదీ అంటించి ఉంటాయి. ఆవాల డబ్బాకు రెండుచోట్ల.

జీతం యాభై వేల పౌండ్లు దాటింది, కూతురు అపూర్వ పేరున, పిల్లలున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ వస్తోంది. అలాంటివాళ్లు ఏటా టాక్స్ రిటర్న్ తామే వేసుకోవాలి. నాకు దీపావళి ఎలాగో ఆయనకు రిటర్న్ అలాగ. కానీ 2016 డిసెంబరులో ఒక ఆదివారం నేను భోజనానికి వెళ్లేసరికి ఆ ఇంట్లో పోపు వాసన లేదు. అన్న లాప్‌టాప్ ముందు కొయ్యబారి కూర్చున్నాడు.

“డాడ్స్ బీన్ లైక్ దట్ సిన్స్ బ్రేక్‌ఫాస్ట్,” అంది అపూర్వ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

“ఏమైంది వదినా?”

“ఇల్లు పోయింది,” అంది వదిన.

చైన్‌హామ్‌లో వాళ్లు బేరం కుదుర్చుకున్న మూడు బెడ్‌రూముల ఇల్లు అది. డిపాజిట్టుకని ఆరేళ్లు కూడబెట్టిన ముప్పై వేలు సిద్ధంగా ఉన్నాయి. జనవరిలో సంతకాలు. ఆ వంటింటి కిటికీకి కర్టెన్ గుడ్డ కూడా వదిన కొనేసింది. ఇప్పుడేమో లాప్‌టాప్ తెర మీద, అన్న పదహారు వేల పైచిలుకు టాక్సు కట్టాలని లెక్క తేలింది. ఇల్లు వద్దంటూ ఎస్టేట్ ఏజెంటుకు ఆయన ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాడు. పంపడమే తరువాయి.

“మూడుసార్లు చేశాను తమ్ముడూ,” అన్నాడు నీరసంగా. “మూడుసార్లూ అదే వచ్చింది.”

“జరుగన్నా, ఎవరొచ్చారనుకున్నావ్?” అని కుర్చీ లాక్కున్నాను. గ్లాస్గోలో ఫైనాన్స్ ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. సగం. సరిగ్గా టాక్సుల పాఠం మొదలయ్యే వారం మానేశాను. నేను వెళ్లిపోయాక ఆ క్లాసు వెలవెలబోయిందని విన్నాను. విన్నది నా నోటనే అయినా, విన్నాను. తెర మీద అంకెలు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసి, “కష్టమే” అని తేల్చాను.

వదిన ఆ మాత్రానికి నువ్వెందుకన్నట్టు నా వైపు ఒక చూపు చూసి, తెర మీద ఒక గడి చూపించి, “అసలీ ముప్పై ఎనిమిది వేలు ఎక్కడివండీ?” అంది.

“పాత కంపెనీలో పోగైన పెన్షన్ సొమ్ము. రెండుచోట్ల ఎందుకని కిందటేడు కొత్త కంపెనీ పెన్షన్‌లోకి మార్పించాను కదే. పాతవాళ్లు మొత్తం చెల్లించేశామని ఉత్తరం ఇచ్చారు. ఇక్కడేమో, వచ్చిన పెన్షన్ ఎంత అని గడి ఉంది.”

“మన అకౌంటులో పడ్డాయా?”

“లేదు. వాళ్లే నేరుగా వాళ్లకు పంపుకున్నారు.”

“మరి మీకు వచ్చిందేంటి?”

“గడి ఉందే!”

వదిన లేచి, కందిపప్పు డబ్బా ఒకటీ, ఖాళీ డబ్బా ఒకటీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పప్పును గలగలమని దీన్లోంచి దాన్లోకి పోసింది. “ఇప్పుడు మీరు తిన్నారా?”

“లేదు.”

“తినకుండానే చెయ్యి కడుక్కుంటున్నారు. మీకు నలభై ఒకటి. మీకు పెన్షన్ ఎవడిస్తాడండీ?”

అన్న ముఖంలో దీపం వెలిగింది. గడిలో అంకె తీసేశాడు. ఆ ఖాళీని ఓ క్షణం చూశాడు. చెయ్యి ఊరుకోలేదు. కొంచెం కిందికి వెళ్లి, పెన్షన్‌కు మీరు కట్టింది ఎంత అన్న గడిలో అదే ముప్పై ఎనిమిది వేలు కొట్టాడు. ఈసారి ప్రభుత్వమే ఆయనకు ఎదురు ఇవ్వాలని తేలింది!

“అన్నా, నువ్వు దేవుడివి!” అని నేను అరిచాను.

“కట్టారా మీరు?” అంది వదిన.

“అంటే, కొత్తదాంట్లో చేరింది కదా...”

“మీ జేబులోంచి కట్టారా?”

అన్న అదీ చెరిపేశాడు.

టెస్టరు కదా, పప్పు సాక్ష్యం ఒక్కటే చాలలేదు. మర్నాడు కొత్త పెన్షన్ వాళ్లకు ఫోను చేశాడు. నేరుగా ఒక పెన్షన్ నుంచి ఇంకో పెన్షన్‌కు మారింది వచ్చిన ఆదాయమూ కాదు, కట్టిన చందా కూడా కాదు, రెండు గళ్లలోనూ వెయ్యక్కర్లేదని వాళ్లు చెప్పారు. మళ్లీ లెక్క కట్టిస్తే కంప్యూటరు చైల్డ్ బెనిఫిట్‌లోంచి రెండు వందల చిల్లర వెనక్కి కట్టమంది, అంతే. ఆ సాయంత్రం రిటర్న్ పంపేటప్పుడు మళ్లీ నేను పక్కనే ఉన్నాను. అన్న బటన్ మీద వేలు పెట్టి, ఖాళీగా ఉన్న ఆ రెండు గళ్ల వైపు బెంగగా చూశాడు.

“కనీసం ‘వర్తించదు’ అని రాయనా?”

“నొక్కండి,” అంది వదిన.

నొక్కాడు. చివర్లో “ఇతర సమాచారం” అని ఒక పెద్ద గడి ఉండటం ఆయన పూర్వజన్మ సుకృతం. పెన్షన్ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన వెళ్లిందో అంతా అందులో ముందే రాసుకున్నాడు. ఇంకో అక్షరం పట్టదని కంప్యూటరే చెప్పే దాకా రాశాడు.

మార్చిలో గృహప్రవేశం. వచ్చినవాళ్లందరికీ ఆ పదహారు వేలు నేనే కాపాడానని చెప్పాను. వదిన అది వింటూనే నాకు రెండోసారి పులిహోర పెట్టింది. కర్టెన్ కట్టిన కిటికీ పక్క అరలో డబ్బాలన్నీ పేర్లతో, తేదీలతో వరసగా ఉన్నాయి. చివరిది మాత్రం ఒట్టి డబ్బా. దానికి చీటీ వదిన చేతిరాతలో ఉంది: “ఇది ఖాళీ. ఖాళీగానే ఉండాలి.”

కింద తేదీ మాత్రం అన్న వేశాడు.