రాజోలు పియానోలో జుయ్యిమన్న మెట్టు

డెబ్బైల చివర్లో, పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, బెజవాడలో ఒక వాయిద్యాల మరమ్మతు షాపులో పనిచేసేవాణ్ణి. రాజోలు నుంచి కార్డు వచ్చింది: "బడి పియానో మోత పెడుతోంది. వెంటనే రావలెను. కరుణమ్మ, సంగీతం టీచరు."

శనివారం తెల్లవారుజామున పాసింజరెక్కి, తొమ్మిదిన్నరకి నర్సాపురంలో దిగాను. రేవు దాకా రిక్షా, పది దాటాక గోదావరి దాటించే పంటు. నా సంచిలోని రెంచీలు చూసి పక్కన నిలబడ్డ పెద్దాయన అడిగాడు.

"పంపుసెట్టు మెకానిక్కాండి?"

"కాదండీ, పియానో."

"ఆయ్. అదీ నీళ్లు తోడేదేనాండి?"

సఖినేటిపల్లిలో బస్సెక్కితే పన్నెండు కాకముందే రాజోలు చేరాను. కరుణమ్మగారు బడి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"సోమవారం కాకినాడ వర్తకుడొస్తాడండీ. ఇవాళ నాలుగింటికి హెడ్మిస్ట్రెస్ గారు విని, మోత పోకపోతే పియానో అతనికి అమ్మేస్తామన్నారు" అన్నారు. ఇరవై ఆరేళ్లుగా ఆ పియానో మీదే ఆవిడ పాఠాలు చెప్పేరట.

ఎడమ నుంచి ఇరవై ఎనిమిదో మెట్టు నొక్కితే, స్వరంతోపాటు జుయ్యిమని మోత. నోటుబుక్కులో వరసగా రాసుకున్నాను: లోపల పడ్డ వస్తువులు, వదులు మరలు, మూత బందులు, పెడళ్లు, తీగల వెనక చెక్కలో పగులు. మొదటి అంశం కిందే రెండు జడపిన్నులు, ఒక బలపం దొరికాయి. తీగల దగ్గర తల పెడితే అసలు స్వరమే చెవులు నింపేస్తుంది. అందుకని ఆవిణ్ణి మెట్టు నొక్కమని, ప్రతిసారీ అడిగేవాణ్ణి.

"తగ్గిందాండీ?"

"ఆయ్."

ఐదు అంశాలకీ టిక్కులు పడ్డాయి. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన చింతచిగురు రొయ్యలతో అన్నం తిని, చెక్కలన్నీ బిగించి, స్టూలు మీద కూర్చుని నేనే మెట్టు నొక్కాను. జుయ్య్! టైము మూడుంబావు.

"ఆయ్ అన్నారు కదండీ!"

"వింటున్నానని అన్నానండీ. తమరు చెమటలు కక్కుతుంటే పోలేదని మొహం మీద ఎలా అంటాను?"

ప్రశ్న మార్చాను. "మోత ఎటు నుంచి వినిపిస్తోందండీ?"

ఆవిడ కాస్త నసిగారు. "నాకెప్పుడూ ఆ పక్క గోడ నుంచే అనిపిస్తుందండీ. తమరు చదువుకున్నవారు, పియానో విప్పేరు, మధ్యలో నేనేం చెప్తాను?"

గోడ మీద వరసగా గ్రూపు ఫొటోలు. నేను మెట్టు నొక్కుతుంటే ఆవిడ ఒక్కో ఫొటో మీద అరచెయ్యి పెట్టారు. మూడోదాని దగ్గర మోత ఆగిపోయింది. ఆవిడ మొదటి బ్యాచి పిల్లల ఫొటో. మేకులు తుప్పుపట్టి అద్దం వదులై, ఆ స్వరానికి అదురుతోంది. జేబులోని బస్సు టికెట్టు నాలుగు మడతలు పెట్టి, అద్దానికీ ఫ్రేము చెక్కకీ మధ్య దూర్చాను.

"వీళ్లు అప్పుడూ ఇంతేనండీ. సరిగ్గా ఈ స్వరం దగ్గరే అల్లరి" అన్నారు, కొంగుతో అద్దం తుడుస్తూ.

నాలుగింటికి హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి ఆ మెట్టు మూడుసార్లు నొక్కి చూశారు. "ఉంచుదాం లెండి, కరుణమ్మగారూ."

తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో అడిగాను. "పంటు ఆరింటికేనాండీ?"

"ఆయ్" అన్నాడు పంటు నడిపే సరంగు.

సంచి దించి, మళ్లీ అడిగాను. "ఎన్నింటికండీ?"

"ఆరున్నరకండీ."

నది మీద ఎండ తగ్గుతుంటే నోటుబుక్కు తీసి ఆరో అంశం రాసుకున్నాను: గది. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను గానీ, ఒకరు కాదనలేక ఊరుకున్నందుకు అంత శ్రద్ధగా పియానో మొత్తం విప్పింది రాజోల్లోనే. ఆ టికెట్టు ఇంకా ఆ అద్దాన్ని పట్టుకునే ఉందనుకుంటాను.