కోతి ఒంటి మీది పిడుదులు

తొంభైల చివర్లో నేను బెంగళూరులో జంతుశాస్త్రం పీజీ చేస్తూ మడివాళలో ఒక పేయింగ్ గెస్ట్ గదిలో ఉండేవాణ్ణి. నా ప్రాజెక్టు జంతువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే పిడుదుల మీద. వారానికి రెండుసార్లు నగరానికి దక్షిణాన ఉన్న అడవి అంచుకు వెళ్లి, తెల్లటి గుడ్డను గడ్డి మీద ఈడ్చి, దానికి అంటుకున్న పిడుదుల్ని ఏరి సీసాల్లో వేసుకునేవాణ్ణి.

ఆ పక్కనే కొత్త లేఅవుట్‌లో ఇళ్లు కడుతున్నారు. కదిరి దిక్కు నుంచి కూలికి వచ్చిన ఒకామె, భర్తతో అక్కడే రేకుల షెడ్డులో ఉండేది. నా తెలుగు విని పలకరించింది. అక్కా అని పిలిచేవాణ్ణి. పని లేని రోజుల్లో వచ్చి గుడ్డ రెండో కొస పట్టుకునేది. "మేకల చెవుల్లో వీటిని పీకి పీకి పెరిగినదాన్నిలే అప్పా" అనేది.

ఒక ఉదయం పొదల దగ్గర కోతి చచ్చిపడి ఉంది. దాని చెవుల చుట్టూ పిడుదులు. పడమటి కొండల్లో కోతులు చచ్చిన చోట మనుషులకూ జ్వరం వస్తుందనీ, దాన్ని మోసేది పిడుదులేననీ, అలాంటి కోతి కనిపిస్తే ముట్టకుండా తనకు చెప్పాలనీ నా ప్రాజెక్టు గైడ్ అయిన మేడమ్ మొదట్లోనే హెచ్చరించారు. కానీ అంత మంచి నమూనాలు మళ్లీ దొరకవనిపించింది. నా దగ్గర ఒక్క జత గ్లవుజులే ఉన్నాయి. అవి నేను వేసుకున్నాను. అక్క ఉత్త చేతులతో కోతి తల ఎత్తి పట్టుకుంది. నేను వద్దనలేదు.

ఐదో రోజు వెళ్లేసరికి ఆమె షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"ఏమైందక్కా?"

"జరమప్పా. తలకాయ పగిలిపోతాండాది."

కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేడమ్ చెప్పిన లక్షణాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆమె భర్తా నేనూ కలిసి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుకు కోతి సంగతి చెప్పాను. రక్తం తీసి కొంత కోతి జ్వరం పరీక్షకు పంపారు. ఫలితానికి వారం పట్టొచ్చన్నారు.

అక్కడి నుంచే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ తిట్టలేదు. "అది ప్రమాదమని ఆమెకు చెప్పావా?" అని మాత్రం అడిగారు.

మర్నాడు ఆసుపత్రి ల్యాబులో బతిమాలుకుని మైక్రోస్కోపులో ఆమె రక్తం చూశాను. ఎర్రకణాల్లో సన్నని ఉంగరాలు. మలేరియా! గట్టిగా ఊపిరి వదిలాను. ఒక మనిషికి మలేరియా వచ్చిందని సంతోషిస్తున్నానని అర్థమయ్యేసరికి సిగ్గేసింది. పైగా అది ఉన్నంత మాత్రాన కోతి జ్వరం లేదని కాదు. ఆ వారమంతా రోజుకు నాలుగుసార్లు నా ఒళ్లు నేనే తడిమి చూసుకున్నాను. తల కాస్త నొచ్చినా ఉలిక్కిపడ్డాను.

మాత్రలతో ఆమె కోలుకుంటూండగా పోయి, ఆ కోతిని ముట్టుకోవడం ప్రమాదమన్న నిజం చెప్పాను. భర్త తల తిప్పుకున్నాడు. ఆమె లేచి కూర్చుంది.

"నీకు ముందే తెల్సునా?"

"తెలుసక్కా."

"చెప్పింటే నేను ముట్టుకుందునా అప్పా?"

కోతి జ్వరం పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఆ మాట చెబుదామని వెళ్తే ఆమె అప్పటికే పనిలోకి దిగి, ఇటుకలు మోస్తోంది. విని, తల మీది గంప దించకుండానే, "నీకేమీ జరం రాలేదు గదా?" అంది.

"రాలేదక్కా."

"సరే, పో" అని మెట్లెక్కి వెళ్లిపోయింది. మళ్లీ నా గుడ్డ కొస పట్టుకోవడానికి ఆమె రాలేదు, నేనూ పిలవలేదు.