ఇటాలియన్ వాళ్ళ హోటల్లో మా ఆయన భోజనం

డెబ్భైల చివర ఒక జనవరిలో నేను న్యూజెర్సీలో దిగాను. మా ఆయన అప్పటికి మూడేళ్ళుగా అక్కడ ఒక రంగుల కంపెనీలో కెమిస్టు. మన దేశం వచ్చి నన్ను పెళ్ళి చేసుకుని, పదిహేనో రోజున ఒక్కరే అమెరికాకు తిరిగి వచ్చేశారు. నాకు వీసా రావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు అక్కడి ఎడిసన్ అనే ఊరికి వెళ్తే అడుగడుక్కీ దోసెలు దొరుకుతాయి గానీ, అప్పట్లో కందిపప్పు కావాలన్నా న్యూయార్క్ దాకా డ్రైవ్ చేయాల్సిందే.

నేను వచ్చిన రెండో వారంలో ఆయన, "ఈ పూట వంట మానెయ్, బయట తిందాం" అని నాలుగు వీధుల అవతల ఉన్న ఇటాలియన్ వాళ్ళ హోటల్‌కి తీసుకెళ్ళారు. ఎనిమిది బల్లలుంటాయేమో. ఒక ముసలి దంపతులు, వాళ్ళ కూతురు నడిపేవారు. వంటంతా పెద్దావిడది. ముసలాయన కౌంటర్ దగ్గర కూర్చుని గుడ్డ నాప్‌కిన్లు మడత పెడుతుండేవాడు. కూతురికి ముప్పై ఏళ్ళుంటాయి. నల్లటి ఒత్తయిన జుట్టు, గట్టి గొంతు. వడ్డన ఆమె చేసేది.

మా రెండిళ్ళలోనూ గుడ్డు కూడా ముట్టరు. అందుకని నేను ప్రతిదాన్నీ అనుమానంగానే చూశాను. సూప్‌లో తేలుతున్న జిడ్డు ఏ నూనెదో తెలియలేదు. చీజ్ పొడి డబ్బా మూత తీస్తే తడిసిన మేజోళ్ళ వాసన. వంకాయ మీద పొరలా ఉన్నది ఏమిటని అడిగితే మా ఆయన, "బ్రెడ్ పొడిలే, తిను" అన్నారు.

కానీ పళ్ళేలు రాకముందే నాకు మనిషి మీద అనుమానం మొదలైంది. మేం కూర్చోగానే కూతురు నాకు గ్లాసు నిండా ఐసు వేసి నీళ్ళు పెట్టింది. ఆయనకు మాత్రం అడక్కుండానే ఐసు లేకుండా తెచ్చింది. పచ్చిమిరపకాయలు వెనిగర్‌లో ఊరేసిన సీసా తెచ్చి సరిగ్గా ఆయన చేతికి అందేచోట పెట్టింది. తర్వాత పెన్సిల్ తీసి, "ఎప్పటిదేనా?" అంది.

ఆయన గబగబా తల అడ్డంగా ఊపారు. "కాదు, కాదు. నాకు స్పగెటీ, టమాటా సాస్. ఈవిడకి సూప్, వంకాయ."

ఆమె నన్ను చూసింది, ఆయన్ని చూసింది, రాసుకుని వెళ్ళిపోయింది.

"ఇక్కడికి చాలాసార్లు వచ్చారా?" అన్నాను.

"ఆఫీస్ వాళ్ళతో ఒకటి రెండుసార్లు."

ఒకటి రెండుసార్లు వచ్చిన మనిషికి "ఎప్పటిదే" ఎలా ఉంటుంది? వెళ్ళేటప్పుడు ముసలాయన లేచి మా ఆయన బుగ్గ తట్టాడు. ఆయన సిగ్గుపడుతూ కోటు వేసుకున్నారు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నా కళ్ళముందు ఆ నల్లటి జుట్టే.

ఆ తర్వాత రెండు నెలలు నేను అన్నీ కనిపెట్టి చూస్తూ వచ్చాను. సిగరెట్ తాగని మనిషి కోటు జేబులో ఆ హోటల్ అగ్గిపెట్టె దొరికింది. మిగతా రోజుల్లో లంచ్ డబ్బాలో రెండు ముద్దలు మిగిల్చేవారు. గురువారాలు మాత్రం కడిగినట్టు ఖాళీగా వచ్చేది. మధ్యాహ్నం తిన్న ఒక్క డబ్బాకే సాయంత్రం ఉప్మా వద్దంటారా? "కడుపు నిండుగా ఉంది" అనేవారు. ఆయన ఏం చెప్పినా అందులో ఇంకో మాట దాగుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. చెప్పుకోవడానికి నాకు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

మార్చిలో ఒక గురువారం పొద్దున్నే లేచి పులిహోర కలిపి, వంకాయ కూర చేసి డబ్బా కట్టాను. పన్నెండు దాటాక చీర మీద కోటు తొడుక్కుని, ఆయన పాత కాన్వాస్ షూస్ వేసుకుని బయలుదేరాను. కరుగుతున్న మంచులో అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. హోటల్ కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. మొహం ఆనించి చూశాను.

వంటింటి పక్క బల్ల దగ్గర మా ఆయన కూర్చుని ఉన్నారు. ఎదురుగా ముసలాయన. నల్లజుట్టు కూతురు దూరంగా ఇంకెవరికో వడ్డిస్తోంది. మా ఆయన పళ్ళెంలో ఎర్రటి సాస్, అందులో నిమ్మకాయలంత మాంసం ఉండలు రెండు. ఆయన ఒకదాన్ని ఫోర్క్‌తో సగానికి కోస్తున్నారు.

ఆయన పక్కన పెద్దావిడ కూర్చుని, నా స్టీల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్పూన్‌తో పులిహోర తింటోంది.

తలుపు తోశాను. మా ఆయన ఫోర్క్ వదిలేసి లేచి నిలబడ్డారు. పెద్దావిడే ముందు తేరుకుని, డబ్బా ఎత్తి చూపిస్తూ తన విరిగిన ఇంగ్లీషులో, "ఇది నువ్వా చేసేది?" అంది. "వంకాయ బాగుంది. నూనె ఎక్కువ పోశావు."

"ఏమిటండీ ఇది?" అన్నాను మా ఆయనతో, తెలుగులో.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"కాదు. అదేమిటో ఇక్కడే చెప్పండి."

ఆయన పళ్ళెం వైపు చూశారు. "బీఫ్," అన్నారు. "మొదటిసారి తెలీదు. రెండోసారి తెలుసు."

నేను వెనక్కి తిరిగి నడిచి వచ్చేశాను. దారి పొడుగునా మంచులో ఉమ్ముతూనే ఉన్నాను. కానీ ఇంకోటి కూడా జరిగింది. సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ నల్లజుట్టు ఆమెకీ ఆయనకీ ఏమీ లేదని తెలిసి, కాళ్ళలోకి బలం వచ్చినట్టయింది. ఆ ఊరట సాయంత్రానికల్లా పోయి కోపం మిగిలింది. మాంసం మీద కన్నా, ఆ ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి నాకు ఒక్కదానికే తెలియనందుకు.

తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు ఆయన, "మానేస్తాను" అన్నారు.

"మానేసినా మానకపోయినా నాకు తెలిసే జరగాలి" అన్నాను.

"నిజంగానా?"

"నా ఇంట్లోకి తేవద్దు. నాతో అబద్ధం ఆడొద్దు."

ఆ శనివారం నేనే ఆయన్ని హోటల్‌కి తీసుకెళ్ళాను. కూతురు పెన్సిల్ పట్టుకుని వచ్చి నా మొహం వైపు చూస్తూ నిలబడింది. "ఆయనకు ఎప్పటిదే ఇవ్వండి" అన్నాను. ఆమె వెంటనే వెళ్ళలేదు. నా మాటలో ఏ మెలిక ఉందోనని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. నాకు వట్టి స్పగెటీ, టమాటా సాస్ చెప్పాను. దాన్ని వేరే గిన్నెలో చేశారా అని పెద్దావిడని మూడుసార్లు అడిగాను. మూడోసారికి ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, పొయ్యి మీది గిన్నె మూత తీసి చూపించింది.

మా ఆయన తింటున్నంతసేపూ నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. తిరిగొస్తూ, "నేను లేని ఆ మూడేళ్ళూ ఎలా గడిచాయో చెప్పండి" అన్నాను. అంతవరకూ అడగాలని నాకు తోచనే లేదు. మొదటి చలికాలం ఫ్లూ జ్వరంతో వారం రోజులు గదిలో ఒంటరిగా పడి ఉంటే, ముసలాయన మెట్లెక్కి సూప్ తెచ్చాడట. అది దేనితో చేశారో అడిగే ఓపిక కూడా లేదట. ఇల్లు వచ్చేసింది. అయినా ఆయన చెబుతూనే ఉన్నారు. తలుపు తీయకుండా వాకిట్లోనే నిలబడి విన్నాను.