మా సంఘం మినిట్స్ పుస్తకం

ఆ రోజుల్లో స్టార్టప్ అనే మాట ఇంకా తిరుపతి దాకా రాలేదు. సొంతంగా ఏదైనా మొదలుపెట్టినవాణ్ణి చూసి, పాపం ఉద్యోగం దొరకలేదు కాబోలని జనం జాలిపడేవాళ్ళు. నేనూ ఆ జాలికి నోచుకున్నవాణ్ణే. బస్టాండు దగ్గర ఒక మేడ మీద గది తీసుకుని, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కోసం సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాను. ఏ తోట కాయ ఏ లారీలో వచ్చిందో, ఏ రకమో అది చెప్పేస్తుంది. చెప్పించుకునే ఫ్యాక్టరీయే దొరకలేదు. ఈ కాయల కాలం ముగిసేలోగా ఒక్కరైనా నీ డబ్బాను పెట్టుకోకపోతే, గది ఖాళీ చేసి బ్యాంకు పరీక్షకు చదువుకోమని మా నాయన గడువు పెట్టాడు.

నా గదికి ఒక పక్క జెరాక్స్ అన్న, ఇంకో పక్క టైపు అక్క (టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్ క్లాసులు పెట్టినా ఆమెకు ఆ పేరే నిలిచింది). ముగ్గురం ఒకే ఏడు ఆ మేడెక్కాం. మధ్యలో ప్లైవుడ్ గోడలు. ఒకరి దగ్గు ఒకరికి వినిపించేది, ఒకరి సంగతి మాత్రం ఒకరికి తెలిసేది కాదు. ఇంత దగ్గరగా ఉండి ఇంత దూరంగా ఎలా ఉన్నామా అని నాకు ఒకటే కుతూహలం. అదే సమయంలో ఏదో పత్రికలో, సొంత వ్యాపారం పెట్టినవాళ్ళు వారానికోసారి కలిసి కష్టసుఖాలు చెప్పుకోవాలని చదివాను. వెంటనే వెళ్ళి గట్టి అట్ట ఉన్న మినిట్స్ పుస్తకం కొన్నాను. (సంఘానికి సభ్యులు కూడా కావాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.)

మొదటి శనివారం అంశం 'మన సవాళ్ళు - పరిష్కారాలు'. ఇద్దరూ వచ్చి మసాలా వడలు తిన్నారు. సమస్యలు చెప్పమంటే అన్న ఫ్యాను వైపు చూస్తూ, "ఏముండాయప్పా, ఏదో పోతా ఉండాది" అన్నాడు. అక్క తనదీ అంతేనంది. నేను పుస్తకంలో 'సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు' అని రాసుకున్నాను. రెండో వారం అన్న ఒక్కడే వచ్చాడు, అదీ వడల కోసం. మూడో వారం మినిట్స్ ఇలా ఉంది: 'అధ్యక్షత: నేను. ప్రసంగం: నేను. వందన సమర్పణ: నేను.'

ఆ మరుసటి గురువారమే చిత్తూరు నుంచి ఒక గుజ్జు ఫ్యాక్టరీ యజమాని వస్తానన్నాడు. అంతకుముందు ఒక్కసారి చూశానాయన్ని. ఒత్తయిన జుట్టు, గుబురు మీసం. కొండకు పోయి దర్శనం చేసుకుని పది గంటలకు వస్తానన్నాడు. నా గడువులో మిగిలిన ఆశ ఆయనొక్కడే. తొమ్మిది నుంచి గుమ్మంలో కూర్చుని మీసం కోసం మెట్లవైపు చూస్తున్నాను. ఈలోగా గుండుకు గంధం పూసుకున్న ఒకాయన వచ్చి, "ఏమప్పా, ఈడ..." అనబోయాడు. రోజుకు పది గుండ్లు దారి అడగడానికి మా మేడెక్కుతాయి. ఆయన మాట పూర్తి కానివ్వకుండా, ఫోన్ బూత్ కింద ఉందనీ, కాణిపాకం బస్సు కావాలంటే బస్టాండులోకి పొమ్మనీ చెప్పి, పక్కకు జరిగితే మెట్లు కనిపిస్తాయన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, జెరాక్స్ అన్న గదిలోకి వెళ్ళాడు.

అన్న ఆయనకు స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. కాసేపటికి అక్క గొంతు కూడా అక్కడే వినిపించింది. ఆయన నా గురించి ఆరా తీస్తున్నాడు. నేను గోడకు చెవి ఆనించాను (అధ్యక్షుడు చేయవలసిన పని కాదని తెలుసు).

"పని బాగా తెలుసు స్వామీ," అన్నాడు అన్న. "నా కంప్యూటర్ పడుకుంటే పొద్దంతా కూర్చోని లేపినాడు. శనివారం మాత్రం ఆపక్కకు పోవద్దు, సభ పెడతాడు."

"మజ్జాన్నం అన్నం కూడా మర్చిపోతాడు," అంది అక్క. "యాడ పడిపోయినాడో అని గోడకాడ నిలబడి దగ్గు ఇనపడతాదా లేదా అని సూస్తా ఉంటా."

సరిగ్గా ఆ మాటకే నాకు దగ్గొచ్చింది. దగ్గుదామన్నా భయం, వినిపిస్తుందని. అప్పుడే ఆ గుండు ఆయన తాపీగా, తాను చిత్తూరు నుంచి గుజ్జు ఫ్యాక్టరీ పని మీద వచ్చానని చెప్పాడు. ఎలా పరిగెత్తానో, ఏం క్షమాపణ చెప్పానో గుర్తు లేదు.

ఆయన గుండు నిమురుకున్నాడు. "జుట్టు తీస్తే మనిషినే గుర్తుపట్టలేదు నువ్వు. నీ మిషను కాయను గుర్తుపడతాదా?" అన్నాడు. చివరికి మిషను ఆయన తెచ్చిన లారీ చీటీలన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పింది. వెళ్తూ వెళ్తూ, "నీ మాటకైతే ఆర్డరు ఇచ్చేవాణ్ణి కాదప్పా. వీళ్ళ మాటకు ఇస్తా ఉండా" అన్నాడు.

ఇన్ని సంగతులు సభలో ఎందుకు చెప్పలేదని ఆ సాయంత్రం అన్నను నిలదీశాను. "సభలో అడిగితే ఏం చెప్తామప్పా?" అన్నాడు. మర్నాడు అక్క తన పాత టైపు బెంచీని వరండాలో వేయించింది. ఒక కాలు పొట్టి. నేను లోపలికి పోయి మినిట్స్ పుస్తకం తెచ్చి దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆ బెంచీ మీదే అన్న మిషను నెలకు రెండుసార్లు మొరాయిస్తోందనీ, అక్క దగ్గర ఆ ఏడు చేరింది ఆరుగురేననీ తెలిసింది. బ్యాంకు పరీక్ష పుస్తకాలు మా నాయన ఎవరికో ఇచ్చేశాడు.

మొన్న ఒక యువ పారిశ్రామికుల సభకు నన్ను పెద్దమనిషిగా పిలిచారు. ఏసీ హాలు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు. నేను గంట మాట్లాడాను (పాత జబ్బు). దిగి వస్తుంటే, సభ పెట్టిన కుర్రాడు చెమటలు కక్కుతూ ల్యాప్‌టాప్‌లో ఏదో కొడుతున్నాడు. తొంగి చూశాను. 'సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు.' నవ్వొచ్చింది, వాడి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. సలహా ఒకటి నోటిదాకా వచ్చింది గానీ మింగేసి, పక్కన కూర్చున్నాను.

"అన్నం తింటివా నాయనా?" అన్నాను.