నొప్పి లేని చోటు

బడి పిల్లల యూనిఫారాలు కుట్టే ఆ దుకాణంలో అందరూ ఆమెను మాస్టరమ్మ అనే పిలిచేవారు. కుట్టేవాళ్లు నలుగురున్నా గుడ్డ కోసేది ఆమె ఒక్కతే. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ కత్తెరతో మరో చెయ్యి గుడ్డ కోయలేదు. కాగితం కోయడానికి ఎవరైనా పొరపాటున తీశారో, ఆ పూటంతా వాళ్ల చెవులు చిల్లులు పడాల్సిందే.

ఆమెకు పందొమ్మిదో ఏటే షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం, సూది లేకపోతే బతుకే లేదు. భోజనాలకు ముందు వేసుకునే సూదులు పొట్టకు. పగటిదైతే దుకాణంలోనే, ట్రయల్ రూమ్ తెర వెనక. రాత్రి పడుకోబోయే ముందు మరొకటి, మర్నాటి దాకా నిదానంగా పనిచేసేది, ఇంట్లో తొడకు.

ఒక ఏడు పొద్దుటి షుగర్ మాట వినడం మానేసింది. పగలు దారిలోనే ఉండేది. తెల్లారి లేచి వేలు గుచ్చుకుని చూస్తే మాత్రం రెండొందల ఎనభై, ఒక్కోనాడు మూడొందలు. సరిగ్గా అప్పుడే కంటి డాక్టరు, కంటి లోపలి పొర మీద రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయన్నాడు.

"షుగర్ నిదానంగా దించుకోండి. మూడు నెల్లకు మళ్లీ చూస్తాను. ఇది ఇలాగే ముదిరితే చూపు దెబ్బతింటుంది."

ఇంటికి వచ్చి వదినతో ఒక్కటే మాట అంది. "నా కత్తెర ఇంకొకరి చేతికి ఇవ్వను."

వదిన అదే దుకాణంలో బొత్తాలు కుట్టేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. "అయితే రాత్రిపూట బిస్కెట్లు తినడం మానెయ్ మాస్టరూ. డబ్బా అడుగు కనిపిస్తోంది," అంది వదిన.

"డబ్బా ఖాళీ చేసేది మా అన్నయ్య. ముందు నీ మొగుడి మీసాలకంటిన పొడి దులుపు."

తిండిలో తేడా లేదని తేలింది. రాత్రి మధ్యలో షుగర్ పడిపోతోందో, ఎక్కుతోందో తెలియకుండా మందు పెంచకూడదంది షుగర్ డాక్టరమ్మ. మూడు రాత్రులు మూడింటికి అలారం పెట్టుకుని లేచి చూసుకుంది. రెండొందల ముప్ఫై, రెండొందల యాభై, మళ్లీ అంతే. పడిపోవడం అన్న మాటే లేదు. డాక్టరమ్మ రాత్రి సూదిలో రెండు యూనిట్లు పెంచింది, వారం పోయాక ఇంకో రెండు. అంకె గోడకు కొట్టిన మేకులా కదల్లేదు.

కోతకు ముందు గుడ్డ పరిచి, కళ్లు మూసుకుని అరచేత్తో నిమరడం మాస్టరమ్మకు అలవాటు. నేతలో ఎక్కడ దారం లావెక్కిందో కంటికంటే ముందు చేతికే తెలిసేది. ఒక రాత్రి ఆమె సూది వేసుకుంటుంటే వదిన మొహం చిట్లించింది.

"నీకు నొప్పే తెలీదా ఏంటి?"

"ఇక్కడ నొప్పి ఉండదు వదినా. పదేళ్లుగా ఇక్కడే వేసుకుంటున్నా."

అనేసి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. కళ్లు మూసుకుని ఎడమ తొడ మీద అరచెయ్యి ఆడించింది. చర్మం కింద అరచేతి వెడల్పున మెత్తటి దిమ్మ. కుడి తొడ చూస్తే సాపుగా ఉంది.

"వదినా, నీ చెయ్యి ఇలా పెట్టు."

"అమ్మో! కోటు భుజానికి పెట్టే మెత్తలా ఉందే!"

మర్నాడు డాక్టరమ్మ తడిమి చూసి తల పట్టుకుంది. "ఒకేచోట పొడిస్తే కింద కొవ్వు ఇలా పేరుకుంటుంది. అందులో వేసిన మందు ఒంటికి సరిగా ఎక్కదు. మోతాదు పెంచుతూ పోయానే గాని, ఎక్కడ వేసుకుంటున్నావో తడిమి చూడలేదు. తప్పు నాది కూడా. కుడి కాలికి ఎందుకు వేసుకోలేదు?"

"రోజంతా కుడి తొడ బల్ల అంచుకు ఆనించి కోస్తాను మేడమ్. రాత్రికి ముట్టుకుంటేనే ప్రాణం పోతుంది. ఇటు నొప్పి లేదు కదా, ఇదే మంచి చోటనుకున్నా."

డాక్టరమ్మ మోతాదు బాగా తగ్గించింది. "మంచి చోట వేస్తే మందు మొత్తం ఎక్కుతుంది. పాత లెక్కన వేశావో, నిద్రలోనే షుగర్ పడిపోతుంది. రోజూ ఫోన్ చేసి అంకె చెప్పు."

ఆ మధ్యాహ్నమే మాస్టరమ్మ గోధుమరంగు కాగితం పరిచింది. టేపుతో రెండు తొడలూ కొలిచి, ప్యాంటుకు గీసినట్టే నమూనా గీసింది. దిమ్మ ఉన్న మేర కాగితాన్నే కోసి పారేసింది. మిగతా చోట వేలెడేసి దూరంలో ముప్ఫై చిల్లులు పొడిచి అంకెలు వేసింది. రాత్రికో చిల్లు, నెల తిరిగేదాకా అదే చోటు మళ్లీ రాదు. బల్ల అంచుకు పాత గుడ్డలు మడిచి చుట్టించింది.

"సూదికి కూడా కొలతలు తీసిన మాస్టరువి నువ్వొక్కదానివే," అని నవ్వింది వదిన.

"నీ నోటికి బొత్తాం కుడతా, ఆగు."

మొదటి రాత్రి కుడి తొడకు వేసుకున్నప్పుడు సూది చురుక్కుమంది. పళ్లు బిగబట్టి మందంతా దింపి, కాగితం మీద ఒకటో చిల్లు చుట్టూ సున్నా చుట్టింది.

రెండొందల నలభై. రెండొందల పది. నూట ఎనభై. తొమ్మిదో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే అరవై రెండు. వదిన పరుగున పంచదార నీళ్లు తెచ్చి తాగించింది. పావుగంట ఆగి మళ్లీ చూసుకుంది. అంకె తేరుకున్నాక డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఇంకో రెండు యూనిట్లు తగ్గించింది.

"ఈ గోలంతా ఎందుకే? పాతచోటే నయం కదా, ఇవాళ మా ప్రాణాలు తోడేశావు," అన్నాడు అన్నయ్య.

"అక్కడ వేస్తే నిదానంగా కళ్లు పోతాయి. ఇక్కడైతే లెక్క సరిచూసుకుంటే చాలు," అంది మాస్టరమ్మ.

అంకె అక్కడితో బుద్ధిగా కూర్చోలేదు. ఏ కారణమూ లేకుండా నూట తొంభై చూపించిన పొద్దులూ ఉన్నాయి. ఆ రోజు షుగర్ చూసే మిషన్‌ని నానా తిట్లూ తిట్టేది. రాత్రయ్యేసరికి మళ్లీ కాగితం పరిచేది.

మూడు నెల్లకు కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. చుక్కలు పెరగలేదన్నాడు. ఇలాగే కాపాడుకుంటే ఇప్పటికి చికిత్స అక్కర్లేదనీ, నాలుగు నెల్లకు మళ్లీ రమ్మనీ చెప్పాడు.

మెట్లు దిగుతూ వదిన అడిగింది, "ఇవాళ పొద్దున ఎంత?"

"నూట ముప్ఫై ఒకటి."

"ఇంకేం, గెలిచావుగా! ఇంటికెళ్లి పడుకో. కంట్లో చుక్కల మందు వేశారు, ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడడు నీకు."

"సాయంత్రానికి మసక దిగిపోతుంది. నలభై ప్యాంట్లు కోయాలి. అప్పటిదాకా గుడ్డకు మడతలు వేయిస్తా," అని వదిన భుజం పట్టుకుని, ఆమెనే ముందుకు తోసుకుంటూ దుకాణం దారి పట్టింది మాస్టరమ్మ.