ఖాళీగా తోలి కొన్న ట్రాలీ

ఆయన ఉద్యోగమంతా ఒక పెద్దాసుపత్రికి సామాన్లు కొనడంలోనే గడిచింది. అక్కడ వెనకాల అందరూ ఆయనను ‘పడుకోబెట్టు సారు’ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. స్ట్రెచర్లు అమ్మడానికి ఏ కంపెనీవాడు వచ్చినా, దాని మీద ఒక మనిషిని పడుకోబెట్టి, వరండా చివరి వాలు దాకా తోయించి చూస్తే తప్ప సంతకం పెట్టేవాడు కాడు. ఎవరూ దొరక్కపోతే అమ్మవచ్చినవాణ్నే పడుకోబెట్టేవాడు. ఖాళీ బండి ఎవడు తోసినా నడుస్తుందన్నది ఆయన సిద్ధాంతం. న్యాయానికి ఈ మంచిమాట ముందే చెప్పేయడం మేలు. తరువాత చెప్పడానికి చోటు దొరకదు.

రిటైరయ్యాక ఆయనకు గోల్ఫ్ పట్టింది. ఆటమీద ప్రేమతో కాదు. కూతురి మామగారు ఆ క్లబ్బులో పాత సభ్యుడు. వియ్యంకుడు ఆడుతున్నాడు కనుక ఈయనా ఆడాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. కర్రలు పెట్టుకునే బ్యాగు మాత్రం ఆసుపత్రిలోని ఒక పాత సర్జను దగ్గర కొన్నది. దాని అడుగు చిరిగితే, రోగుల పరుపులకు వేసే పచ్చ రెగ్జినుతో ఆసుపత్రి దర్జీయే మందంగా అతుకు వేసిచ్చాడు. ఆ అతుకు మిగతా బ్యాగు కంటే గట్టిది. అయినా ఈయన దాన్ని ఎప్పుడూ తన కాలివైపుకే తిప్పుకొని నడిచేవాడు, ప్యాంటు చిరిగినవాడు గోడవారగా నడిచినట్టు.

అలా మోసి మోసి నడుం పట్టేసింది. ఆడుకోవచ్చు గానీ, ఇకమీద బరువు భుజానికెత్తితే ఆటకు స్వస్తి చెప్పుకోవలసిందేనని డాక్టరు తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే వియ్యంకుడి ఆదివారం జట్టులో నాలుగో చోటు ఖాళీ అయింది. ఈ ఆదివారం మాతో ఆడండి, చివరి గుంట దాకా మాతో సమంగా నడిస్తే ఆ చోటు మీదేనని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఏళ్ల తరబడి ఈయన కాచుకున్నది ఆ ఒక్క మాటకే. కనుక ఇప్పుడు బ్యాగును పెట్టుకుపోయే చక్రాల ట్రాలీ కావాలి.

రెండు రోజులు ఇంట్లో విచారణ నడిచింది. రెండు చక్రాలది తేలికే గానీ, వెనక్కు చెయ్యి చాచి లాగాలి కనుక నడుం మెలిపడుతుంది. బ్యాటరీది మీట నొక్కితే తనంతట తాను పోతుంది, కానీ సన్నగా ఉంటుంది. మూడు చక్రాలది ముందుకు తోసుకుపోయేది. వెడల్పు ఎక్కువ, వాలు మీద నిలుస్తుంది. సాక్ష్యాలన్నీ తూచి, మూడు చక్రాలదే తనకు తగినదని ఆయనే తీర్పు చెప్పాడు. ఆ తీర్పు సరైనదే.

బయల్దేరుతుంటే భార్య అడ్డుపడింది. “ఆ బ్యాగు కూడా దుకాణంలోకి పట్టుకెళ్లండి. మనిషిని పడుకోబెట్టకుండా ఒక్క స్ట్రెచరైనా కొన్నారా మీరు?”

“నాకు చెప్పకు. కారులోనే ఉంది” అన్నాడాయన.

కారులోనే ఉండిపోయింది కూడా. దుకాణంలో వియ్యంకుడు ముందే వచ్చి కూర్చున్నాడు, సాయం చేద్దామని. ఆయన కళ్లెదుట మూడు చక్రాల ట్రాలీ ఈయనకు చంటిపిల్లల బండిలా కనబడింది. వియ్యంకుడు పల్లెత్తు మాట అనలేదు. ఈయనే తొందరపడి, బావగారూ, ఇది మరీ ఉయ్యాల బండిలా లేదూ అని నవ్వాడు. అమ్మే అమ్మాయి బ్యాటరీ ట్రాలీని నున్నటి గచ్చు మీద అటూ ఇటూ తిప్పి చూపించి, మీ బ్యాగు తెచ్చుంటే పెట్టి చూద్దాం సార్ అంది. ఇంట్లో ఉందని ఈయన అబద్ధమాడాడు. అబద్ధం ఆడిన చోటి నుంచి దుకాణం అద్దంలోంచి తన కారు కనబడుతూనే ఉంది. ఖాళీ ట్రాలీ గచ్చు మీద హంసలా తిరిగింది. ఈయన దాన్నే కొన్నాడు. ఊరందరి స్ట్రెచర్లకూ వాలు పరీక్ష పెట్టినవాడు తన నడుమును గచ్చు పరీక్షతో సరిపెట్టుకున్నాడు.

ఆదివారం మొదటి రెండు గుంటలూ చదును నేల. మూడో గుంట దగ్గర పక్కవాలు మొదలైంది. ఆ ట్రాలీ తొట్టి సన్నటి బ్యాగులకు చేసినది. అతుకు వేసిన అడుగు అందులో దిగలేదు, పట్టీ అందలేదు. బ్యాగు పక్కకు తిరగడం, ట్రాలీ బోర్లాపడటం, ఈయన వంగి లేపడం. పడ్డ ప్రతిసారీ పచ్చ అతుకే ఆకాశం వైపు తిరిగేది. మిగతా ముగ్గురూ ఆగి, మర్యాదకు ఎండ గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఈయన బ్యాగును భుజానికెత్తుకున్నాడు. మీట నొక్కితే ఖాళీ ట్రాలీ పెంపుడు కుక్కలా పక్కనే నడిచింది.

“బావగారూ, నా ట్రాలీ మీద వేయండి” అన్నాడు వియ్యంకుడు.

“అబ్బే, ఇదీ ఒక వ్యాయామమేగా.”

ఏడో గుంట దగ్గర బంతి పెట్టడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆయనను మెల్లగా గడ్డి మీద పడుకోబెట్టి, క్లబ్బు స్ట్రెచరు కోసం కబురు పంపారు. వియ్యంకుడు బ్యాగును నీడకు జరుపుతూ అతుకు మీద బొటనవేలు ఆన్చి చూశాడు.

“దీన్ని దాచడానికా ఇన్ని పాట్లు? మొదటి రోజే చూశాను బావగారూ. ఎవరో మంచి దర్జీ అనుకున్నాను.”

 

స్ట్రెచరు వచ్చింది. ఎక్కించి తోస్తుంటే వాలు దగ్గర దాని ముందు చక్రం కిర్రుమని పక్కకు లాగింది. నొప్పితో పళ్లు బిగించిన మనిషి, పాత అలవాటు చచ్చిపోలేదు కాబోలు, తల తిప్పి అడిగాడు. “దీన్ని ఎవరిని పడుకోబెట్టి చూసి కొన్నారు?”

“ఎవరినీ లేదు బావగారూ” అన్నాడు వియ్యంకుడు. “మీరే మొదటివారు.”

ఆదివారం జట్టులో నాలుగో చోటు ఒక పళ్ల డాక్టరుకు పోయింది. ఆ పళ్ల డాక్టరు మూడు చక్రాల ట్రాలీ తోసుకుంటూ వస్తాడు. దాన్ని చూసి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.