కానుపుకి కాదండీ

"అమ్మాయికి ఎన్నో నెలండీ?"

ఏడాదిపాటు న్యూజిలాండ్ వెళ్తున్నానని నోరు జారిన ప్రతిచోటా నాకు ఎదురైన ప్రశ్న ఇది. ఏలూరు కూరగాయల మార్కెట్లో అడిగారు. వట్లూరులో మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అడిగారు. చర్చిలో ఆరాధన మొదలవకముందే చాప మీద పక్కకి జరిగి మరీ అడిగారు. "ఎందుకు వెళ్తున్నారు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. యాభై రెండేళ్ల ఆడమనిషి విమానం ఎక్కుతోందంటే కూతురికో కోడలికో పురుడు పోయడానికేనని మావైపు అందరూ ఎప్పుడో తీర్మానించేసుకున్నారు.

"మా అమ్మాయి హైదరాబాదులోనే ఉందండీ" అంటే కూడా ఆగరు. "అదేంటండీ, అక్కడికి ఎప్పుడెళ్లింది? చెప్పనేలేదు!" అని నిష్ఠూరాలు. నా కూతుర్ని వాళ్లే విమానం ఎక్కించేశారు, వాళ్లే కడుపు తెప్పించేశారు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎక్కడ తగులుతుందో వాళ్లకి తెలియదు. తెలియకపోవడానికి మేమూ కారణమే, ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను వెళ్తున్నది లెక్కలు చెప్పడానికి. అక్కడొక చిన్న ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టాను. రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. కెమెరా ముందు ఒక పాఠం చెప్పమన్నారు. అట్టు పోసి, పదహారు ముక్కలు కోసి, వాటిని ఎదురెదురుగా పేర్చి వృత్తం వైశాల్యం ఎలా వస్తుందో చూపించాను. అవతల ముగ్గురు కూర్చుని చప్పట్లు కొట్టారు. ఇరవై ఆరేళ్లుగా బ్లాక్‌బోర్డు ముందు నిలబడుతున్నాను, నా పాఠానికి చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఆ రోజు ఒంటరిగా వంటింట్లో కూర్చుని ఆ అట్టు ముక్కలన్నీ నేనే తినేశాను.

మా ఆయనకి కొల్లేరు పక్కన చేపల మేత కొట్టు ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, వెళ్లమనే అన్నారు. కొట్టుకి వచ్చేవాళ్లు మాత్రం ఆయన్ని చూసి జాలిపడడం మొదలుపెట్టారు. "భోజనం ఎలాగండీ మరి?" అని. చేపల పులుసు ఆయన పెట్టినట్టు నేను పెట్టలేనని ఊళ్లో అందరికీ తెలుసు, తిన్నవాళ్లే అడుగుతారు. నేను మండిపడితే ఆయన నవ్వేవారు. "పోనిద్దూ, కానుపుకనే అనుకోనీ. నీకేం పోయింది?"

నాకేం పోయిందో చెప్పేలోపే కాయం వచ్చింది.

మా చర్చిలో ఒక మామ్మగారు ఉన్నారు. కొల్లేరు లంక గ్రామం ఆవిడది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి, పాత బెల్లంతో, నెయ్యితో ఉడికించి బాలింతలకి పెట్టే కాయం చెయ్యడంలో ఆవిడకి పేరు. ఇంట్లో పురుడని వింటే చాలు, అడక్కుండానే చేసిపెడతారు. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక స్టీలు డబ్బా ఒకటి నా చేతిలో పెట్టారు. మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది.

"విమానంలో కారకుండా గట్టిగా కట్టానమ్మా. పొద్దున్నే ఉసిరికాయంత ముద్ద పెట్టు. చలిదేశమంట కదా, పిల్లకి నడుం గట్టిపడాలి."

"మామ్మగారూ, కానుపుకి కాదండీ. నేను పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను."

"అలాగేలేమ్మా, ఖాళీ ఉన్నప్పుడు పాఠాలు కూడా చెప్పుకో" అన్నారావిడ.

ఎనభై ఏళ్ల చేతులతో దంచిన కాయం. ఆవిడ మీద కోప్పడలేక డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

కోప్పడవలసిన చోటు వేరే ఉంది. న్యూజిలాండ్ స్కూలువాళ్లు ఒక కాగితం అడిగారు. ఏడాది సెలవు ఇస్తున్నామనీ, తిరిగి వచ్చాక నా ఉద్యోగం నాకు ఉంటుందనీ మా స్కూలు రాసివ్వాలి. అది శుక్రవారం లోపు వాళ్లకి చేరాలి, లేకపోతే ఆ అవకాశం ఇంకొకరికి వెళ్తుంది. మాది ప్రైవేటు హైస్కూలు. సోమవారం ఆఫీసులో క్లర్కు గారికి అంతా వివరంగా చెప్పాను. ఆయన తలూపుతూనే టైపు చేశారు. చదివి చూస్తే, "కుమార్తె ప్రసవ నిమిత్తం విదేశాలకు వెళ్తున్నందున" అని ఉంది.

"ఇదేంటండీ?"

"లేడీ టీచర్లకి లాంగ్ లీవంటే ఇదే ఫార్మాట్ మేడమ్. సైన్సు మేడమ్‌గారికీ ఇదే, హిందీ మేడమ్‌గారికీ ఇదే. పేరు మార్చడమే" అన్నారు. అమాయకంగానే అన్నారు. కంప్యూటర్లో ఆ ఫైలు ఎప్పటినుంచో అలాగే ఉందట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన నిలబడి మొత్తం మార్పించాను. అయితే సంతకం పెట్టవలసింది కరెస్పాండెంట్ గారు. ఆయనకి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉంది, సార్వా ధాన్యం దిగే రోజుల్లో స్కూలు మొహం చూడరు. బుధవారం దాకా ఎదురుచూసి, గురువారం మధ్యాహ్నం క్లాసులు ఇంకొకరికి అప్పజెప్పి నేనే బస్సెక్కాను. ఉంగుటూరు దాటేదాకా రోడ్డు పక్కన సగం మేర ధాన్యం ఆరబోసే ఉంది.

మిల్లులో లారీలు దిగుతున్నాయి. ఊక దుమ్ము కళ్లలో పడుతోంది. కరెస్పాండెంట్ గారు నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితం రెండుసార్లు చదివారు.

"టీచింగనే రాశారేంటండీ?"

"టీచింగుకే వెళ్తున్నానండీ."

"అలాగైతే మా పార్ట్‌నర్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలండీ. మన టీచరు ఇంకో స్కూలుకి పనిచేస్తదంటే ఒప్పుకోరు. రేపు అక్కడే ఉండిపోతే? ఇంకో నలుగురు ఇదే దారి పడితే? వాళ్లంతా సంక్రాంతి దాకా దొరకరు." గొంతు తగ్గించారు. "ఒక పని చేద్దామండీ. మన ఫైల్లో డెలివరీ అని పెట్టేద్దాం. దానికి ఎవరూ అడ్డు చెప్పరు, ఆడవాళ్ల బాధ్యత కదా. మీ న్యూజిలాండ్ వాళ్లకి ఏడాది సెలవని మాత్రం రాసిస్తాను. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

ఆయన పెన్ను మూత తీశారు కూడా.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆశపడ్డాను. మర్నాడే శుక్రవారం. సరేనంటే చాలు, పనైపోతుంది. ఇన్నాళ్ల చదువు, ఇన్నాళ్ల పాఠాలు, ఆ అట్టు ముక్కలు, అన్నీ లేని మనవడి పేరు మీద విమానం ఎక్కుతాయి. పుట్టని బిడ్డకి ఏడాది సెలవు, ఒక్క ప్రశ్న లేకుండా. ఆ బిడ్డ నిజంగా ఉన్నప్పుడో?

రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో, మా అమ్మాయికి ఐదో నెలలో కడుపు పోయింది. హాస్పిటల్ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. నేను పది రోజులు సెలవు అడిగాను. ఈయన్నే అడిగాను. "పదో తరగతి స్పెషల్ క్లాసులు కదండీ. కానుపైతే వేరే సంగతి. ఇది రెండ్రోజుల్లో తేరుకునేదే, పరీక్షలయ్యాక వెళ్లి రండి" అన్నారు. నేను శనివారం సాయంత్రం వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగి బయల్దేరాను. సోమవారం పొద్దున త్రికోణమితి చెప్పాను. హైదరాబాదులో నా కూతురు కర్రీ పాయింట్ కూరలు తింది. ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. కానుపైతే పదిమంది వస్తారు, పదిమందీ వండి పెడతారు. పోయిన కడుపుకి ఎవరు వస్తారు? నేనే ఒక్కరోజుకి మించి ఉండలేదు.

"మా అమ్మాయికి కానుపు అయిపోయిందండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

"రెండేళ్ల కిందట అయింది. అప్పుడు మీరు పది రోజులు ఇవ్వలేదు. ఇప్పుడు ఆ బిడ్డ పేరు చెప్పి ఏడాది ఇస్తానంటున్నారు. నాకొద్దండీ. ఇరవై ఆరేళ్లు మీ స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ లెక్కల పేరు మీద ఇవ్వండి, లేకపోతే మానెయ్యండి."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బస్తాలు మోస్తున్నవాళ్లు ఆగి చూశారు. ఆయన కాగితం ముందుకి లాక్కుని సంతకం పెట్టి, స్టాంపు వేసి నా వైపు జరిపారు. టీ చల్లారిపోయింది. నేను ముట్టుకోలేదు.

బస్సులో కాగితం ఫొటో తీసి న్యూజిలాండ్ పంపాను. గెలిచానన్న సంతోషం ఉంగుటూరు వచ్చేదాకా కూడా నిలవలేదు. ఇప్పుడు వచ్చిన ఆ గొంతు అప్పుడేమైంది? "కానుపైతే వేరే సంగతి" అన్న రోజున నేను "అలాగేనండీ" అన్నాను. ఒక్కసారి కాదు, రెండుసార్లు అన్నాను. ఆయన మీద ఉన్న కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది.

అమ్మాయికి ఫోన్ చేశాను. మిల్లులో జరిగింది చెప్పాను, మామ్మగారి డబ్బా సంగతి కూడా. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అమ్మా, ఆ కాయం ఎవరికైనా ఇచ్చేశావా?"

"లేదు, ఫ్రిజ్‌లో ఉంది. ఎవరైనా బాలింతకి ఇద్దామని చూస్తున్నాను."

"ఎవరికీ ఇవ్వకమ్మా. అది నాదే కదా."

మర్నాడు పదో తరగతికి రెండో పీరియడ్ నాదే. నేను ఎవరినీ సెలవు అడగలేదు. డబ్బా పట్టుకుని ఏలూరు స్టేషన్‌లో పొద్దున హైదరాబాదు బండి ఎక్కేశాను.